గ్లాసు పట్టుకుని రేకుల కొట్టుకి

కనిగిరిలో, పామూరు రోడ్డు మీద రేకుల కొట్టుకి
మాలకొండమ్మ స్టీలు గ్లాసు పట్టుకుని వచ్చింది.
బోరు నీళ్ళు వంచేసిన మోకాళ్ళతో
మూడు మెట్లూ ఒక్కోటి ఒక్కో కొండలా ఎక్కి
గ్లాసుని బల్ల మీద బోర్లించి అంది:
"ఇట్టాంటిదే కావాల మస్తానూ, ఇంటంత.
అందరూ లోపల్నించి తాగుతారు,
నేను వీపు మీంచి తాగాల."

నేను రేకులు బిగించేవాణ్ణి.
ఇరవై రెండేళ్ళుగా జనం నన్నడిగింది ఒకటే మాట:
కారుద్దా, కారదా?
లోపల పడే చుక్కకే నాతో తగాదాలు.
చూరు మీంచి జారిపోయే నీళ్ళ సంగతి
ఎవరూ ఎత్తలేదు, నాకూ తోచలేదు.

ముందు సిమెంటు రేకు చూపించాను. చవక.
ఆమె గోటితో అంచు గీకింది,
బూడిదలాంటి నూగు వేలికంటుకుంది.
"దీంతో గ్లాసు చేసిస్తే తాగుతావా?"
నాకు దగ్గొచ్చింది.
మూతికి తువ్వాలైనా కట్టుకోకుండా
రేకు కోసిన మధ్యాహ్నాలన్నీ
ఆ దగ్గులోనే ఉన్నాయి.
జవాబు అదే అనుకుందేమో, పక్కకి జరిగింది.

వెనక గోడకి పాత ఇనప రేకులు, సగం ధర,
కొండపి వైపు కూలగొట్టిన పొగాకు బేరన్‌వి.
ఎర్ర రంగు పెచ్చు ఒకటి ఊడదీసి ఎండకి పట్టింది.
దాని కింద ఇంకో రంగు, దాని కింద మరోటి.
"ఏం కలిపారో కలిపినోడికి తెలవాల" అంది.
తారు పట్టా దాకా నడవనే లేదు,
వాసనకే ముఖం తిప్పుకుంది.
బంగ్లా పెంకు మాత్రం కాసేపు ఒళ్ళో పెట్టుకుంది.
మట్టంటే నమ్మకమేనంట,
కోతులంటేనే లేదంట.

మేకుల డబ్బా తెరిచినప్పుడు
ఆమె అడక్కముందే నేనే అన్నాను:
"ఇవొద్దులే అమ్మా, టోపీ కింద సీసం బిళ్ళ.
రబ్బరు బిళ్ళవి ఇస్తా."
అప్పుడు నవ్వింది. పళ్ళ నిండా గోధుమరంగు చారలు.
"మా మనవరాలికి ఆరో ఏడు.
ఊడే పళ్ళకి కాదయ్యా,
చిగురు లోపల తయారవుతుండాయే, వాటికీ గ్లాసు."

చివరికి ఫ్యాక్టరీలోనే పూత పూసిన కొత్త రేకు దగ్గర ఆగింది.
"తాగే నీళ్ళకి పనికొస్తదని కాగితముందా?"
పాతికేళ్ళ కొట్టులో కాగితమడిగిన మొదటి గిరాకీ.
ఓనరు ఒంగోలుకి ఫోన్ చేశాడు,
ఒంగోలు ఇంకెక్కడికో చేసింది.
ఆమె బెంచీ మీద కూర్చుంది, టీ కూడా వద్దంది.
సాయంత్రానికి ఓనరు సెల్లులోకి కాగితమొచ్చింది.
ప్రతి అక్షరం నా చేత చదివించుకుని
అప్పుడు కొంగు ముడి విప్పింది.

బిగించేటప్పుడు వేపకొమ్మ దగ్గర గొడవ.
నీడ పోద్దని నేను, కాకిరెట్ట పడుద్దని ఆమె.
కొమ్మే పోయింది.

స్వాతి కార్తెలో వాయుగుండం పట్టింది.
మొదటి వానంతా గోంగూర మడిలోకి మళ్ళించింది:
"ఇది కప్పు స్నానం. ఎవరన్నా తాగుతారా?"
రెండో నాడు జాలీలోంచి, ఇసకలోంచి దిగి
తొట్టిలో చేరిన నీళ్ళు కాచి, చల్లార్చి,
ఆ గ్లాసుతోనే నాకిచ్చింది.
ఉప్పు లేదు, చేదు లేదు.
రుచి ఏదీ అని నాలుక వెతుక్కుంది.
ఇన్ని కప్పులు వేశాను,
ఒక్కదాని నీళ్ళూ ఇంతవరకు తాగలేదు.

ఇంటికొచ్చేసరికి వాన ఇంకా కురుస్తోంది.
మా చూరు కింద ఖాజాబీ పెట్టిన బిందె నిండిపోయి
పొర్లుతోంది.
పైన నా చేత్తో బిగించిన సిమెంటు రేకులు,
నాచు పట్టి, అంచులు పొడి రాలుతూ.
బిందె వంచేశాను.
"అయ్యో, ఎందుకు పారబోశావు?" అంది లోపల్నించి.
చెప్పబోతే
దగ్గు.